మడ్‌గార్డు లోపలి దెబ్బలు

కల్లూరులో షేర్ ఆటోలు ఆగే మలుపు దాటి, కొత్తగా లేస్తున్న ఇళ్ళ వెనక్కి పోతే ఒక రేకుల షెడ్డు ఉంది. మూడు నెలలుగా మా నాయన అంబాసిడర్ కారు అందులోనే ఉంది. దాన్ని మళ్ళీ పాత అందానికి తేవాలని పట్టుబట్టింది నా కూతురు శైలజ. ఊళ్ళో కొట్టంలో కోళ్ళు గుడ్లు పెట్టుకునే చోటైపోయిన కారును లారీ మీద ఎక్కించి కర్నూలుకు తెప్పించింది. బాగయ్యాక పాత కార్ల ప్రదర్శనలో పెడుతుందట. "జేజినాయన కారు నాన్నా, అట్లా తుప్పు పట్టిపోతుంటే నీకేమీ అనిపించదా?" అని నన్ను నిలదీసింది. నాకు చాలానే అనిపిస్తుంది. ఏమనిపిస్తుందో చెప్పే ధైర్యం లేక, సరే కానీయమన్నాను.

ఆ షెడ్డులో రేకు పని చేసే బాషా మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. రంగును ఊడదీసే మందు పూసి గీకించాక, మడతపెట్టిన నూలుగుడ్డ ఒకటి అరచేతి కింద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, రేకు మీద ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తడుముతూ పోతాడు. ఎత్తుపల్లాలు కంటికి దొరకవట, చేతికి తగులుతాయట. తగిలిన చోటల్లా సుద్దముక్కతో గుండ్రంగా గీస్తాడు. ఆ రోజు నేనూ శైలజా వెళ్ళేసరికి ఎడమవైపు ముందు మడ్‌గార్డు మీద జానెడు సుద్ద గీత ఉంది. దాని పక్కన రంగు మూడు పొరలుగా లేచి కనిపిస్తోంది. పైన మీగడ రంగు, దాని కింద ఆకుపచ్చ, అన్నిటికీ అడుగున నలుపు. నలుపు మా నాయన కొన్ననాటిది. మీగడ రంగు నా పెళ్ళికి వేయించింది. మధ్యలో ఆ ఆకుపచ్చ ఎందుకొచ్చిందో పూర్తిగా తెలిసినవాణ్ణి ఇంట్లో నేనొక్కణ్ణే.

మేస్త్రి అప్పటికే మడ్‌గార్డును విప్పి పక్కన పెట్టాడు. మమ్మల్ని చూసి దాన్ని వెల్లకిలా తిప్పాడు. "ఈడ చూడండి సార్. ఇది మేస్త్రి చెయ్యి గాదు. మేస్త్రి అయితే ఒకపక్క ఇనుప దిమ్మె ఆనించి ఇంకోపక్క సుత్తితో కొడ్తాడు. ఈయప్ప యాడో రోడ్డు మీద, గుండ్రాయికి గుడ్డ చుట్టుకోని లోపల్నుంచి కొట్టినాడు. ఎన్ని దెబ్బలుండాయో చూడండి, మెల్లమెల్లగా, పక్కపక్కనే. పని తెలీక రేకు సాగదీసినాడు గానీ, శానా ఓపిక పెట్టినాడు." నేను వంగి ముట్టుకున్నాను. బొటనవేలు పట్టేంత గుంటలు, వరుసగా, ఒకదాన్ని ఆనుకుని ఒకటి. ఇన్నేళ్ళలో ఆ రేకు లోపలి పక్కను నేను ఒక్కసారీ చూడలేదు.

"ఎవురు సార్ అప్పుడు మీకు డ్రైవరు?" అన్నాడు మేస్త్రి.

అప్పుడు నా నోట వచ్చిన మాటను ఇక్కడ రాయక తప్పదు. "ఓబులేసని ఒకడుండేవాడు. తాగి బండకు గుద్దినాడు," అన్నాను. శైలజ నవ్వింది. "మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ ఇది మేస్త్రీ. ఇంక తాగనని ఒట్టు పెడితే పనిలో ఉంచుకుంటానన్నాడంట మా జేజినాయన. ఉద్యోగమన్నా వదులుకుంటా గానీ తాగుడు వదలనని పోయినాడంట ఆయన," అంది. ఆ కథ దానికి చెప్పింది నేనే, చిన్నప్పుడు అన్నం తినిపిస్తూ, చేతులు తిప్పుతూ, నవ్విస్తూ. మేస్త్రి మాత్రం నవ్వలేదు. మడ్‌గార్డును వెలుగుకు తిప్పి ఇంకోసారి చూశాడు. "తాగినోడు ఇంత ఓపికగా కొట్టడు సార్. వాని దెబ్బ ఒకటి ఈడ పడితే ఒకటి ఆడ పడ్తాది. నా షెడ్డులో అట్లాంటోళ్ళను ఇద్దర్ని పంపించినా, నాకు తెల్సు," అని, టీ చెప్పడానికి బయటికి పోయాడు.

నాకు అరవై ఎనిమిదేళ్ళు. నల్లకోటు వేసుకుని కోర్టులో నిలబడి, సాక్షులు ప్రమాణం చేసి చెప్పిన ప్రతి మాటనూ చీల్చి చూసి బతికినవాణ్ణి. అలాంటి నన్ను ఒక రేకుల షెడ్డులో, ఒక పాత మడ్‌గార్డు సాక్షిగా, ముక్కూ మొహం తెలియని మనిషి రెండు మాటల్లో పట్టేశాడు. పట్టేశానని ఆయనకు తెలియదు కూడా. ఛీ, ఏం బతుకు నాది అనిపించింది. టీ తాగకుండానే తలనొప్పని చెప్పి ఇంటికి వచ్చేశాను.

మా ఊరు కోయిలకుంట్లకు దగ్గర. అప్పట్లో చుట్టుపక్కల నాలుగూళ్ళకు కలిపి మాదొక్కటే కారు. దాన్ని నడిపే ఓబులేసు సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. పొద్దున్నే వచ్చి ఒక్క చెంబెడు నీళ్ళతో కారంతా తుడిచేవాడు. ఎండాకాలం బావి అడుగంటితే ఆ చెంబు కూడా జేజి కొలిచి ఇచ్చేది. తుడిచాక కిరసనాయిల్లో నాలుగు చుక్కల కొబ్బరినూనె కలిపి రుద్దితే నల్లటి రేకులో మన మొహం కనిపించేది. జేజి అంటే మా నాయనను కన్నతల్లి. ఆమె కారెక్కిందంటే అద్దాలన్నీ పైకెత్తాల్సిందే. "గాలి చెవుల్లో దూరతాదిరా ఓబులేసూ," అనేది. మే నెల ఎండలో అద్దాలు మూసుకుని, పెట్రోలు వాసన, రెక్సిన్ సీట్ల వాసన, జేజి ముక్కుపొడి ఘాటు, మా అందరి చెమటా కలిసి ఊపిరాడేది కాదు. ఓబులేసు మాత్రం చెమట తుడుచుకోవడానికి కూడా స్టీరింగ్ మీద నుంచి చెయ్యి తీసేవాడు కాదు. బీడీ లేదు, ఆకూవక్కా లేదు. "బండి పట్టుకునే చెయ్యి చిన్నరెడ్డీ, ఇంక దేనికీ అలవాటు పడగూడదు," అనేవాడు. మా ఇంట్లో మజ్జిగ తప్ప ఏదీ అడిగి తాగేవాడు కాదు. అదీ వరండాలో, దూరంగా కూర్చుని. అలా కూర్చోబెట్టినందుకు మాకప్పుడు సిగ్గనిపించలేదు, అది వేరే సంగతి.

మధ్యాహ్నం మా నాయన జొన్నరొట్టె, ఊరిమిండి పచ్చడి తిని, పైన ఇంత మజ్జిగ తాగి పడుకునేవాడు. ఆయన లేచేదాకా ఇంట్లో గిన్నె కింద పడకూడదు. అమ్మ రోలు దగ్గరికి పోయేది కాదు, జేజి దగ్గొచ్చినా కొంగు అడ్డం పెట్టుకునేది. ఆ రెండు గంటల్లోనే ఓబులేసు నాకు కారు నేర్పాడు. కర్నూలు కాలేజీలో చదువుతూ సెలవులకు వచ్చిన పద్దెనిమిదేళ్ళ వాణ్ణి. అడిగితే నాయన తంతాడు. అందుకని ఓబులేసు వెంటపడి, బతిమాలి, అలిగి, చివరికి ఒప్పించాను. ఊరి బయట దాకా తాను నడిపి, శెనగ కోసేసిన చేల మధ్య బండ్లబాటలో సీటు నాకిచ్చి పక్కన కూర్చునేవాడు. తిట్టేవాడు కాదు. క్లచ్చి తప్పు తొక్కితే నాలుక కొరుక్కునేవాడు, అంతే.

వారం రోజుల్లో నాకు కళ్ళు నెత్తికెక్కాయి. కోయిలకుంట్లలో ఉన్న నా స్నేహితుడి ఇంటి ముందు స్టీరింగ్ పట్టుకుని దిగాలని పట్టుబట్టాను. ఓబులేసు వద్దన్నాడు. విన్నానా, నా బొంద! సగం దూరం పోయామో లేదో, ఒక గేదె రోడ్డుకు అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కబోయి ఇంకోటి తొక్కాను. కారు ఎడమకు కోసుకుపోయి, చేనుకు కంచెగా పాతిన నాపరాతి బండను గుద్దింది. మనుషులకేమీ కాలేదు. గేదె కూడా నిదానంగా నడిచి పోయింది. మడ్‌గార్డు మాత్రం లోపలికి ముడుచుకుపోయింది, అదీ మా నాయన రోజూ కూర్చునే వైపు. నేను స్టీరింగ్ పట్టుకుని ఏడ్చేశాను. "ఏం గాల్యా చిన్నరెడ్డీ, ఏం గాల్యా. నువ్వు చేలెంబడి ఇంటికి పో. నేను జూసుకుంటా," అన్నాడు ఓబులేసు. నేను పోయాను. వెనక్కి తిరిగి చూసిన గుర్తు లేదు. అతను ఎండలో ఆ కారు కింద దూరి, రాయికి తన తలగుడ్డ చుట్టుకుని, నాయన నిద్ర లేచేలోపు ఆ సొట్ట తీయాలని చూశాడన్న సంగతి నాకు మొన్న కల్లూరు షెడ్డులో తెలిసింది.

కారు ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. "ఎనుము అడ్డమొచ్చె రెడ్డీ. చెయ్యి తప్పె," అన్నాడు ఓబులేసు. మా నాయన మడ్‌గార్డు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "పదేండ్లు తప్పని చెయ్యి ఈ పొద్దు ఎట్ల తప్పెరా?" అన్నాడు. తర్వాత నన్ను పిలిచాడు. ఊరు దాటకముందే నన్ను కారులో ఎవరో చూసి చెప్పారట. "నువ్వు వాని పక్కన కూచోని పోతివంట. నిజం చెప్పు. తాగినాడా వాడు?" అని అడిగాడు. అతను తాగలేదంటే తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. మంచి లాయరు బుర్ర అప్పుడే ఉండింది నాకు. "ఆఁ," అన్నాను. "వాసనొచ్చెనా?" అన్నాడు. "వచ్చింది," అన్నాను. ఓబులేసు అక్కడే, మూడడుగుల దూరంలో, చేతిలో తలగుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నాడు. గుద్దింది తానేనని చెప్పి నన్ను కాపాడిన మనిషిని, అతని కళ్ళ ముందే తాగుబోతును చేశాను.

మా నాయన చెడ్డవాడు కాదు. అది ఇంకా నొప్పి. మరునాడు పొద్దున ఓబులేసును పీర్ల చావిడి దగ్గరికి రమ్మన్నాడు. మా వైపు హిందువులకైనా ముస్లింలకైనా పీర్ల ముందు ఒట్టంటే ఒట్టే. తాగే మొగుణ్ణి పెళ్ళాం అక్కడికి తీసుకొస్తుంది, వాడు గడప ముట్టి ఇంక తాగనంటాడు, ఆ తర్వాత పాత సంగతి ఎత్తి ఎవరూ వాణ్ణి దెప్పకూడదు. ఊళ్ళో అది పెద్ద మర్యాద కింద లెక్క. "ఓబులేసూ, నిన్ను తీసెయ్యడం నాకిష్టం ల్యా. ఇంక తాగనని గడప ముట్టి ఒట్టు పెట్టు. ఇప్పుడే వచ్చి బండెక్కు," అన్నాడు మా నాయన. చుట్టూ ఉన్నవాళ్ళంతా రెడ్డి ఎంత మంచోడో అని తలలూపారు.

"తాగల్యా రెడ్డీ," అన్నాడు ఓబులేసు.

"తాగకపోతే ఒట్టు పెట్టేకి భయమేమి?"

"ఇంక తాగననంటే, నిన్న తాగినట్ల నేనే ఒప్పుకున్నట్ల గదా? పీర్ల ముందర అబద్ధం యాల చెప్పాల? నిన్న తాగలేదని పెడ్తా ఒట్టు. అది పెట్టించుకో."

మా నాయన మొహం ఎర్రబడింది. "అంటే నా కొడుకు అబద్ధం చెప్పినాడంటావా?"

ఓబులేసు భార్య సుంకులమ్మ అక్కడే ఉంది, చంకలో బిడ్డతో. మొగుడి చెయ్యి పట్టుకుని గడప వైపు లాగుతోంది. "పెట్టు, పెట్టరాదా, నీకేం పోతాది? సంసారం సంకనాకి పోతాది," అని ఏడుస్తోంది. ఓబులేసు నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. నేను ఏదైనా అంటానేమోనని కాసేపు ఆగాడు, అంతే. ఆ కాసేపు చాలా పెద్దది. నేను నా చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను. "నేనెవుర్నీ ఏమీ అనను రెడ్డీ," అని కారు తాళాలు మా నాయన చేతికిచ్చి, అతను వెళ్ళిపోయాడు. తాగడమే కాక, ఒట్టుకు కూడా లొంగనంత తాగుబోతని ఊరంతా తేల్చేసింది. ఆ చుట్టుపక్కల మళ్ళీ ఎవరూ అతని చేతికి బండి ఇవ్వలేదు. కొన్నాళ్ళకు సుంకులమ్మ పుట్టిన ఊరికి, ఆత్మకూరు వైపు వెళ్ళిపోయారని విన్నాం. మిగిలిన సొట్టకు పైన లప్పం పూయించాక, నలుపు మీద నలుపు కలవడం లేదని నాయన కారంతటికీ ఆకుపచ్చ వేయించాడు. కొత్త రంగు బాగుందని చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను.

పోయిన నెల శైలజ తన కారును గేటుకు గీసుకుంది. లోపలికి వస్తూనే, "నేనే నాన్నా, తిక్కదాన్ని, చూసుకోలేదు," అంది నవ్వుతూ. ఆ మాట అంత తేలికగా అనవచ్చా అని నేను దాని మొహం చూస్తూ ఉండిపోయాను. మా కాలంలో తండ్రులకు భయపడేవాళ్ళమని, ఆ భయం వల్లే క్రమశిక్షణ అబ్బిందని సభల్లో చెబుతుంటాను. ఏమబ్బిందో నా దాకా నాకు తెలుసు. మా నాయన పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఆయన పోయాక నేనెవరికి భయపడ్డాను? ఎవరికీ లేదు. అబద్ధం అలవాటైపోయింది, కథగా బాగుంది, నలుగురూ నవ్వుతున్నారు. అందుకే చెబుతూ వచ్చాను.

షెడ్డు నుంచి వచ్చిన మరునాడు ఒక్కణ్ణే మళ్ళీ కల్లూరు పోయాను. బాషా మేస్త్రి సాగిన రేకును గ్యాస్‌తో ఎర్రగా కాల్చి, తడిగుడ్డ అద్ది కుదిస్తున్నాడు. "మేస్త్రీ, నిన్న నేను చెప్పింది అబద్ధం. గుద్దింది నేను. ఆయన తాగలేదు," అన్నాను. ఆయన మంట ఆర్పి, నన్ను కిందికీ మీదికీ చూశాడు. "ఈ మాట నాకు చెప్తే ఏమొస్తాది సార్? ఆయప్ప ఉండాడా?" అన్నాడు. ఉన్నాడో లేడో తెలియదన్నాను. "కనుక్కోలేదా?" అన్నాడు. యాభై ఏళ్ళలో నేను ఆ పని చేయలేదు. ఇంటికొచ్చి శైలజకు కూడా చెప్పాను. "అన్నం తినేటప్పుడు చెప్పి నవ్వించావే నాన్నా," అంది.

ఆత్మకూరులో బస్సు దిగి, ఇద్దరు ముగ్గుర్ని అడిగి, ఆటోలో సుంకులమ్మ ఊరు చేరాను. నల్లమల కొండలు దగ్గరగా కనిపిస్తున్నాయి. సుంకులమ్మ వసారాలో కూర్చుని చింతపండు కొడుతూ గింజలు తీస్తోంది. నేనెవరో చెబితే కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "చిన్నరెడ్డివా అప్పా? తల నెరిసిపాయనే!" అని చాప వాల్చింది. ఓబులేసు పోయి రెండేళ్ళయిందట. ఇక్కడికొచ్చాక మళ్ళీ బండి ముట్టలేదట. ఎవరిదో నిమ్మతోటకు కాపలా ఉంటూ కాలం గడిపాడట. "మీ నాయన దేవునట్లాంటోడప్పా. ఒట్టు పెట్టి పని చేసుకోమనె. ఈయప్పే మొండికేసె. నా నోట్లో మన్ను గొట్టె," అంది.

బస్సులో కూర్చుని చాలా వాక్యాలు తయారు చేసుకున్నాను. నా వయసు, నాయన మీది భయం, అప్పటి పరిస్థితులు. వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు. "సుంకులమ్మా, ఆ పొద్దు బండి నడిపింది నేను. గుద్దింది నేను. ఓబులేసు తాగలేదు. భయపడి అబద్ధం చెప్పినాను," అన్నాను.

ఆమె చేతిలో సుత్తి ఆగింది. "వాసనొచ్చిందంటివి గదా?" అంది.

"రాలేదు."

ఇంకో రెండు గింజలు తీసింది. తర్వాత చింతపండు పక్కకు నెట్టింది. "నాకన్నా చెప్పకపాయనే," అంది, నాతో కాదు, పోయిన మొగుడితో. అప్పుడు నా వైపు తిరిగింది. "దినామూ తాగల్యా తాగల్యా అంటానే ఉండె. రెడ్డి కొడుక్కు అబద్ధం చెప్పే ఖర్మేమి అనుకుంటి నేను. అన్నం పెట్టేకి ముందు నోరు తెరవమంటాంటి, వాసన చూసేకి. మొదట్లో ఉరిమి చూస్తాండె. తర్వాత్తర్వాత నేను అడక్కముందే గడపకాడ నిలబడి తెరుస్తాండె. ఒక్క దినమన్నా వాసన రాల్యా. ఎంత బాగా దాస్తాండాడో అనుకుంటి గానీ, తాగడేమో అనుకోల్యా. పోయే దినం మంచంలో ఉండె, మాట ల్యా. చెంబుతో నీళ్ళు తీసుకోని దగ్గరికి పోతి. నోరు తెరిచె. నీళ్ళకని అనుకుంటి చిన్నరెడ్డీ. నీళ్ళు పోస్తే మింగల్యా. నా మొహమే చూస్తాండె. అది నాకు చూపించేకి తెరిచినాడు."

నేను ఏడ్చాను. ఈ వయసులో ఏడుపు చూడ్డానికి బాగుండదు, అయినా ఏడ్చాను. నన్ను తిట్టమన్నాను. చెప్పుతో కొట్టమన్నాను. అదంతా నా కోసమేనని, తిడితే నాకు హాయిగా ఉంటుందని ఆమెకు అర్థమైనట్టుంది. నా బరువు దించుకోవడానికి ఇంత దూరం వచ్చి, డెబ్బై దాటిన మనిషి నెత్తిన పెట్టానని నాకూ అప్పుడే అర్థమైంది. ఆమె కళ్ళు తుడుచుకోలేదు. వాటిలో తడి కూడా లేదు.

"నిన్నేం తిట్టేదప్పా," అంది సుంకులమ్మ. "నువ్వు ఒక్క దినం తాగినాడని అంటివి. నేను యాభై ఏండ్లు అంటి. నువ్వన్నా నాకాడికొచ్చి చెప్పుకుంటివి. నేను ఎవురికాడికి పోయి చెప్పుకోవాల?"